ఇటలీ వంటింట్లో మన వంకాయ

వంకాయ అనగానే గుత్తివంకాయ, పచ్చిపులుసు, కాల్చిన వంకాయ పచ్చడి అని గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తాం. ఇందులో కొత్తేముందిలే అని రేడియో కట్టేయకండి. ఇవాళ నేను చెప్పబోయేది ఇటలీ వారి చేతిలో పడి, విందు భోజనంలో నడిమధ్యన పెద్దపీట వేసుకుని కూర్చున్న వంకాయను గురించి. ఆ వంటకం పేరు పార్మిజానా.

కదిరి పక్కన తలుపుల మా ఊరు. పుట్టపర్తి మాకు మరీ దూరమేమీ కాదు. అక్కడికి దేశదేశాల భక్తులు వచ్చినట్లే ఇటలీ నుంచీ ఎందరో వస్తుంటారు. ప్రశాంతి నిలయంలో విదేశీయుల కోసం వేరే క్యాంటీనే ఉంది, అంతా శాకాహారమే. ఆ ఊళ్ళో మా చుట్టాలింట అద్దెకున్న ఇటలీ ఆవిడ ఒకరు ఒకనాడు సంచీడు వంకాయలు తెచ్చుకుని వండుతుంటే పక్కన నిలబడి చూశాను. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకు రాదు. చేతులు చూసి నేర్చుకున్నదే.

వంకాయ పుట్టిల్లు మన దేశం వైపేనంటారు శాస్త్రజ్ఞులు. అరబ్బుల వెంట మధ్యధరా తీరానికి పోయింది. ఇటలీలో దాన్ని మెలంజాన అంటారు. మొదట్లో దీన్ని తింటే మతి చెడుతుందని భయపడి ‘పిచ్చి ఆపిలు’ అన్నారట! టమేటాదేమో అమెరికా ఖండం, 16వ శతాబ్దంలో గాని ఇటలీ చేరలేదు. మనింటి పిల్లా, ఆ పరాయి పిల్లవాడూ అక్కడ కలిసి కాపురం పెట్టారన్నమాట.

ఇక వంట. 8 మందికి బజ్జీకి కాల్చే పెద్ద నల్ల వంకాయలు ఒకటిన్నర కిలో, బాగా పండిన టమేటాలు 2 కిలోలు, మోజరెల్లా చీజు 300 గ్రాములు, తురిమిన మామూలు చీజు 100 గ్రాములు, వెల్లుల్లి నాలుగు రెబ్బలు, ఉప్పు, మిరియాల పొడి, వేయించటానికి శెనక్కాయ నూనె. ఆలివ్ నూనె ఉంటే సరే, లేకపోతే దిగులు పడనక్కరలేదు. ఆకు విషయంలో మాత్రం పొరపడకండి. ఆవిడ వేసిన ఆకు తులసి వాసనే వేసింది గాని మన కోటలోని తులసి కాదు. రుద్రజడ, అంటే సబ్జా గింజలు ఇచ్చే మొక్క. ఆ గింజలు నాలుగు కుండీలో చల్లుకుంటే పూజ తులసి జోలికి పోనక్కరలేదు.

వంకాయల్ని నిలువునా అర సెంటీమీటరు మందాన బిళ్ళలుగా కోసి, ఉప్పు చల్లి, చిల్లుల గిన్నెలో అర్ధగంట ఉంచవలె. గోధుమ రంగు నీరు దిగుతుంది. పిండి, గుడ్డతో అద్ది, బాగా కాగిన నూనెలో రెండు వైపులా ఎర్రగా వేయించి కాగితం మీద పరచండి. ఈ ఉప్పు పని ఎందుకని మొదటిసారి నేను ఎగ్గొట్టాను. వంకాయ లోపల దూదిలాంటిది కదా, ఉప్పు పడితే నీరు దిగి ఆ దూది అణిగిపోతుంది, నూనె తక్కువ పీలుస్తుంది. లేకపోతే తాగినంత నూనె తాగి, పొయ్యి మీద అంతా వెళ్ళగక్కుతుంది. పైగా నేను చెయ్యి ఊరుకోక మిరప్పొడి, గరం మసాలా కూడా వేశాను. వచ్చిన చుట్టాలు ‘గుత్తివంకాయ చెదిరిపోయిందా?’ అని మర్యాదగానే అడిగారు!

టమేటాలు వేడినీళ్ళలో వేసి తొక్క తీసి చిదమండి. రెండు చెంచాల నూనెలో వెల్లుల్లి వేసి, మాడకముందే టమేటా పోసి, సన్నని సెగన ముప్పావుగంట ఉడకనివ్వాలి. తాలింపు లేదు, చింతపండు లేదు, కారం లేదు. పళ్ళెంలో చుక్క వేస్తే చుట్టూ నీరు ఊరకూడదు. దింపేముందు ఆకు తుంచి వేయండి. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపులకు పోయిన టమేటానే, ధర పడిపోతే మా వైపు రైతులు రోడ్డు పక్కన పారబోసి పోతారు. అలాంటి రోజుల్లో గంపెడు కొని ఈ గుజ్జు చేసి ఫ్రీజరులో పెట్టుకోవచ్చును.

చీజు దగ్గర మా అత్తగారు ఆపారు. ‘ఇది దేంతో విరగ్గొడతారమ్మే?’ అన్నారు. నేనెప్పుడూ ఆలోచించలేదు సుమా! కనుక్కుంటే ఆవిడ అనుమానమే నిజమైంది. అసలైన పార్మిజాన్ చీజును లేగదూడ కడుపులోనుంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. అందుకని మన దేశంలో చేసిన, ప్యాకెట్టు మీద పచ్చచుక్క ఉన్న చీజే కొనండి. పనీరు వేస్తే సరిపోదా అంటారేమో, పులుపుతో విరిచింది గనుక అది కరగదు.

ఓవెనుకు తట్టే పాత్రలో అడుగున కొంచెం గుజ్జు, పైన వంకాయ బిళ్ళలు, మళ్ళీ గుజ్జు, రెండు రకాల చీజు, ఇలా మూడు వరసలు పేర్చి 180 డిగ్రీల మీద 40 నిమిషాలు. ఓవెన్ లేకపోతే పెద్ద దబరలో ఇసుక పోసి వేడెక్కించి, స్టాండు మీద గిన్నె పెట్టి మూత వేసి సన్నని సెగన గంట. పైన ఎర్రదనం రాదు, అంతే. దించాక అర్ధగంట ముట్టుకోవద్దు. వేడిగా కోస్తే జారిపోతుంది. అన్నంలోకి ఇది నప్పదు. పలుచని జొన్నరొట్టె గాని, బ్రెడ్డు గాని పక్కన పెట్టండి.

మా ఇంట్లో గుత్తివంకాయ ఎన్ని కాయలు చేసినా, చివర తినే మా అత్తగారి విస్తట్లోకి వచ్చేది గిన్నె అడుగున మిగిలిన మసాలానే. ఆ అలవాటు నాకూ అబ్బింది. దీన్ని మాత్రం కేకులాగా కోయాలి కదా, ఇంట్లో 8 మందిమి, 8 ముక్కలు కోశాను. మారు అడగటానికి మరో ముక్క లేదు. చల్లారినా బాగుండే వంట గనుక వడ్డించే పని పడక అందరం ఒకేసారి కూర్చున్నాం. అత్తగారు తన ముక్కను పొరలు పొరలుగా విడదీసి చూసి, పూర్తిగా తిని, ‘బాగుందమ్మే, ఉప్పు రవ్వ తగ్గింది’ అన్నారు.