దీపమునకుఁ గావలి



2015 డిసెంబరులో యుక్రేను దేశమున కంప్యూటరు దొంగలు విద్యుత్సంస్థలలో జొరఁబడి రెండులక్షలకుఁ బైఁగా వినియోగదారులను చీఁకటిపాలు చేసిరి. యంత్రములు వశము తప్పఁగా పనివారు ఉపకేంద్రములకుఁ బోయి, చేతులతో మీటలు త్రిప్పి, కొన్ని గంటలలో దీపములు వెలిగించిరి. 2021 మే నెలలో అమెరికాయందు కలోనియల్ పైపులైను ఇట్టి దాడివలననే దినములకొలఁది నిలిచిపోయెను.

రక్షించినది యంత్రము కాదు, నేర్చిన చేయి. ఇంధనవిద్యను, కంప్యూటరు రక్షణను కలిపి అభ్యసించు ఉన్నతవిద్యార్థులకు వేతనమిచ్చి జాతీయ ప్రయోగశాలలలో శిక్షణ యొసఁగవలెనను బిల్లును అమెరికా ప్రతినిధిసభ 2023 ఫిబ్రవరిలో ఆమోదించెను. నల్లజాతివారి కళాశాలలకును, ఆదిమజాతుల కళాశాలలకును ఈ యవకాశము చేరవలెనని అందుఁ గలదు. కాని సెనేటు దాఁటక, అది ఆ కాంగ్రెసు గడువుతోనే మురిగిపోయెను.

ఒక సభలో నెగ్గిన బిల్లు శాసనము కాదని న్యాయవాదిగా నేనెఱుఁగుదును. తాళము కొనుటకు ఒక దినము చాలును. కావలివానిని తీర్చుటకు ఏండ్లు పట్టును. ఆ యేండ్లను వృథపుచ్చు సభ దొంగకు వాయిదా యిచ్చినట్లే.