పొడి అక్షరములు – పొట్టి పేర్లు
(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో సంఘము పక్షమున చేసిన ప్రసంగము)

 

చదువును గూర్చియు, మార్కులను గూర్చియు మాటలాడుటకు ఈ వేదికపై పెద్దలు పలువురు కలరు. మేము మనవి చేయదలచిన విషయము చూపునకు చిన్నది. బడినుండియు, కచేరీలనుండియు మీ యింటికి వచ్చు కాగితములపై నుండు పొడి అక్షరములను గూర్చియు, వీధిలో మన పిల్లలకు తగులు పొట్టి పేర్లను గూర్చియు నాలుగు మాటలు చెప్పుదుము. ఈ రెంటికిని సంబంధమేమని మీరడుగవచ్చును. పొడి అక్షరము మాటను కుదించును. పొట్టి పేరు మనిషిని కుదించును. కుదించినచోట మిగిలిన ఖాళీని ఎదుటివాడు తన ఊహతో నింపుకొనును. ఆ ఊహ తప్పైనచో నష్టపోవువాడు మాత్రము ఊహించినవాడు కాడు.

మొదట కాగితముల సంగతి చూతము. టి.సి. యన్న బడిలో బదిలీ పత్రము. రైలులో టిక్కెట్లు చూచు ఉద్యోగి. ఆర్.టి.ఇ. యన్న 2009 నాటి విద్యాహక్కు చట్టము, ఆర్.టి.ఐ. యన్న 2005 నాటి సమాచారహక్కు చట్టము, ఆర్.టి.ఓ. యన్న బండ్లకు అనుమతులిచ్చు రవాణా కచేరీ. చదువుకొన్నవారే తడబడు ఈ అక్షరములను, ఒకపూట కూలి మానుకొని బడికి వచ్చిన తల్లి ముందుంచి, "తెలిసినదా అమ్మా?" యని యడిగినచో ఆమె తల యూపును. ఆ తల యూపుట తెలిసినందున కాదు. తెలియదని చెప్పుటకు సిగ్గుపడి. ఆ సిగ్గు ఆమెది కారాదు. అక్షరములను విడమరచి వ్రాయనివారిది కావలెను.

కుల ధ్రువపత్రముల విషయమున ఈ తికమక మరింత కలదు. తమిళనాట బి.సి., ఎం.బి.సి. యను రెండు తరగతులు గలవు. మొదటిది వెనుకబడిన తరగతి, రెండవది మిక్కిలి వెనుకబడిన తరగతి. కేంద్ర ప్రభుత్వపు విద్యాలయములలో ఎం.బి.సి. యను మాటయే లేదు, అచట ఓ.బి.సి. యనియే వ్యవహరింతురు. దానికి 27 శాతము స్థానములు కేటాయింపబడినవి. అయినను రాష్ట్రపు పత్రము చేతనున్నంత మాత్రమున అచట చెల్లదు. కుటుంబ ఆదాయమును దెలుపు వేరొక నమూనాలో పత్రము తీసికొనవలెను. అట్లే ఎస్.సి.ఎ. యన్న షెడ్యూల్డు కులములలో అరుంధతీయులకు 2009లో ప్రత్యేకించిన 3 శాతపు కేటాయింపు. పశ్చిమ జిల్లాలలోని అరుంధతీయులలో ఇంట తెలుగు మాటలాడువారు పెక్కురు గలరు. ఆ చివరి "ఎ" యను అక్షరమునకు అర్థము తెలియని తండ్రి, తన బిడ్డకు రావలసిన దానిని అడుగనైన అడుగలేడు.

మరియొక ఉదాహరణము కలదు. ఇది బాధాకరమైనది. డి.ఎన్.సి. యను అక్షరములు చూచి, "వీరు నేరస్థుల కులమువారట" యని చెవులు కొరుకుకొనువారున్నారు. ఆ అక్షరముల అర్థము సరిగా దానికి విరుద్ధము. 1871లో ఆంగ్లేయ ప్రభుత్వము ఒక చట్టము చేసి, కొన్ని జాతులను పుట్టుకతోనే నేరస్థులని ప్రకటించినది. 1911 నాటి చట్టముతో అది మద్రాసు రాజధానికిని వ్యాపించినది. తప్పు చేసినను చేయకున్నను, ఆ జాతిలో పుట్టిన పాపమునకు వ్రేలిముద్రలిచ్చుట, పోలీసు ఠాణాలో హాజరు చెప్పుకొనుట వారికి తప్పలేదు. మనిషిని చూడక జాతిని చూచి అనుమానించుటకు ఇంతకు మించిన నిదర్శనము లేదు. స్వతంత్ర భారతము 1952 ఆగష్టు 31వ తేదీతో ఆ చట్టమును రద్దు చేసి, ఆ ప్రకటననుండి వారిని తొలగించినది. డి.ఎన్. యన్న "ప్రకటననుండి తొలగింపబడిన" యని అర్థము. అది నేరపు ముద్ర కాదు, విముక్తికి గురుతు. తొట్టియ నాయకులు, బోయలు, ఒడ్డెరలు మొదలగు తెలుగు మూలముగల సముదాయములు ఈ పట్టికలో నున్నవి. అక్షరములను ఎవరును విప్పి చెప్పనందున, విముక్తి చెందినవారి మనుమలు నేటికిని అనుమానపు చూపులు భరించుచున్నారు.

వీరి పత్రములో చివరి అక్షరమునకును ఒక కథ కలదు. "సి" యన్న సముదాయము, "టి" యన్న తెగ. 1979లో తమిళనాడు ప్రభుత్వము "తెగ"ను "సముదాయము"గా మార్చినది. రాష్ట్ర ప్రయోజనములకు "సి"తోను, కేంద్ర పథకములకు "టి"తోను వేర్వేరు పత్రములిచ్చునట్లు 2019లో ఉత్తర్వు వెలువడినది. రెండేల, ఒకటే చాలునని ఆ సముదాయములు కోరుచు వచ్చినవి. ఒక్క అక్షరము బిడ్డ చదువునకు అడ్డుగోడ కాగలదని చెప్పుటకే దీనిని పేర్కొంటిమి.

ఇక మన పేర్లకు ముందుండు పొడి అక్షరములు. తెలుగువారి ఆచారమున అది ఇంటిపేరునకు గురుతు. తమిళుల ఆచారమున తండ్రి పేరునకు గురుతు. ఒకే బాలునికి జనన పత్రములో ఇంటిపేరి అక్షరమును, కుల పత్రములో తండ్రిపేరి అక్షరమును పడినచో, కాగితముల లెక్కకు వారిద్దరు మనుష్యులగుదురు. పాస్‌పోర్టునకు దరఖాస్తు చేయునాడు పొడి అక్షరము చాలదు, పూర్తి పేరే కావలెను. కావున బిడ్డను బడిలో చేర్చునాడే పూర్తి పేరును నిర్ణయించి, అన్ని పత్రములలో ఒకే తీరుగా వ్రాయింపుడు.

ఇక పొట్టి పేర్ల సంగతి. తమిళనాట తెలుగువానిని "గుల్టి" యని వెక్కిరించుట మీరెరిగినదే. తెలుగు అను మాటను తిరగవేసి దానిని పుట్టించిరని చెప్పుదురు. నాయకరాజుల కాలమునుండి ఇచట నున్న కుటుంబముల పిల్లలను గూడ, "మీ ఊరికెప్పుడు పోయెదరు?" అని యడుగువారున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రమేర్పడినది. 1956లో రాష్ట్రముల హద్దులు భాషలనుబట్టి మారినవి. హద్దులు కదలినవి గాని మన యిండ్లు కదలలేదు. ఈ మాట మన బిడ్డలకు చరిత్రగా తెలియవలెను. తెలిసినచో వారు కోపింపక, తల వంచక, నెమ్మదిగా బదులు చెప్పగలరు.

అయితే ధర్మము రెండు ప్రక్కల నుండవలెను. మన ఊళ్లలో కూలికిని, హోటళ్ల పనికిని వచ్చిన ఈశాన్య రాష్ట్రములవారి ముఖములు చూచి "చింకీ" యనియు, "నేపాలీ" యనియు పిలుచుట నేటికిని వినబడుచున్నది. 2012 ఆగష్టులో వదంతులకు బెదరి వేలకొలది ఈశాన్య వాసులు బెంగుళూరు విడిచి రైళ్లెక్కిరి. ఆ వదంతులు పొట్టి సందేశములుగా ఫోనులలో ప్రాకినందున, కేంద్రము మూకుమ్మడి సందేశములను 15 దినములు నిలిపివేసినది. 2014 జనవరిలో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నిడో టానియా ఢిల్లీలో తన రూపమును, జుట్టును వెక్కిరించినవారితో వాదులాడి, దెబ్బలు తిని మరణించెను. పిమ్మట నియమింపబడిన బెజ్బరువా సంఘము, ఈశాన్య ప్రాంతముల చరిత్రను పాఠములలో చేర్చవలెనని సిఫారసు చేసినది. "గుల్టి" యన్న మాట మనకు గ్రుచ్చుకొనునెడల, "చింకీ" యన్న మాట వారికిని గ్రుచ్చుకొనును. ఒకటి తప్పు, వేరొకటి వేడుక కానేరదు.

ప్రభుత్వ ధనముతో నడచు విద్యాలయములలో మతము, జాతి, కులము, భాష అను కారణములచే మాత్రమే ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదని మన రాజ్యాంగపు 29వ అధికరణము చెప్పుచున్నది. చట్టము తలుపు తెరచును. లోనికి వచ్చినవానిని ఏ పేరున పిలుతుమన్నది మన నోటిలోనే యున్నది.

కావున మూడు మాటలు మనవి చేసి ముగింతుము. బడి పంపు ప్రతి కాగితములోను పొడి అక్షరము మొదటిసారి వచ్చినచోట పూర్తి మాటను తెలుగులో వ్రాయవలెనని మా ఉపాధ్యాయులను కోరుచున్నాము. అర్థము కాని కాగితముపై మీరు వ్రేలిముద్ర గాని, సంతకము గాని చేయక, "దీని పూర్తి మాట యేమి?" యని నిస్సంకోచముగా నడుగుడు. మీ బిడ్డకు ఎవరైన పొట్టి పేరు పెట్టినచో మాకు తెలుపుడు. మీ బిడ్డయే వేరొకరికి పెట్టినచో మీరే దిద్దుడు. పూర్తి మాటను అడుగుట, పూర్తి పేరుతో పిలుచుట ఖర్చు లేని పనులు. వానిని నేటినుండియే ప్రారంభింతము.