మూతపడిన యూనిట్‌లో మిగిలిన స్పిరిట్ ఎవరి పూచీ?

(రుద్రవరం మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



రైతుల సభలో స్పిరిట్ మాటేంది అనుకోవద్దు. మన చెరుకు మొలాసిస్ నుంచి వచ్చేదే అది. రంగులు, శానిటైజర్లు చేసేవాళ్లు లైసెన్సు మీద తెచ్చుకుంటారు. ఎవరూ తాగకుండా అందులో విషం కలుపుతారు. యూనిట్ నడిచినన్నాళ్లు లెక్క ఉంటుంది. మూతపడినాక ఆ డ్రమ్ములు యాడికి పోతాయి?

2020 జులై చివర్లో, నల్లమలకు అవతల కురిచేడులో, లాక్‌డౌన్‌లో మందు దొరక్క శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయినారు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారాకు అరవై మందికి పైగా చనిపోయినారు. ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్లే. మిథనాల్ వాసన చూసి పోల్చుకోలేం. రెండు చెంచాలకే చూపు పోవచ్చు. తాగిన వెంటనే ఏమీ తెలియదు, గంటల తర్వాత కళ్లు మసకబారతాయి. అప్పుడు నాటుమందు అని కూర్చోకుండా ఆసుపత్రికి తీసుకుపోవాల.

రూలు ప్రకారం, పని ఆపేసిన యజమాని మిగిలిన సరుకు ఇష్టమొచ్చినట్టు అమ్ముకోకూడదు. ఎక్సైజ్ వాళ్లకు లెక్క చెప్పాలి. పర్మిట్ మీద ఇంకో లైసెన్సుదారుకే పోవాలి. పనికిరానిదైతే 2016 ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు వర్తిస్తాయి. మామూలుగా 90 రోజులకు మించి నిల్వ పెట్టకూడదు, అనుమతి ఉన్నచోటికే పంపాలి. తెలుగుగంగ కాలువలో కుమ్మరిస్తే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి చేపలు చస్తాయి. దాని ఆవిరి నేలబారున పాకుతుంది, దూరంగా బీడీ ముట్టించినా అంటుకుంటుంది.

"పారిశ్రామిక ఆల్కహాల్ మా చేతిలో లేదు" అని రాష్ట్ర అధికారులు అంటే ఇంక చెల్లదు. 2024 అక్టోబర్ 23న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం 1989 నాటి తీర్పును పక్కనబెట్టి, దాన్ని అదుపు చేసే అధికారం రాష్ట్రాలకు ఉందని చెప్పింది. ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు ఇంకోవైపు.

ఇంకో మాట, పాత డ్రమ్ములు. చవగ్గా వచ్చిందని లేబుల్ చింపిన డ్రమ్మును నీళ్లకో, పురుగుమందు కలపడానికో తేవద్దు. ఖాళీదైనా లోపల ఆవిరి ఉంటుంది, గ్యాస్ కట్టర్ పెడితే పేలుతుంది.

చెరుకు పండించేవాళ్లకు ఇంకొకటి. చెరుకు తోలిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలి అని 1966 నియంత్రణ ఉత్తర్వులో ఉంది. ఫ్యాక్టరీ మూస్తే, ట్యాంకుల్లో మిగిలిన స్పిరిట్ అమ్మిన డబ్బు ముందు మన బకాయికే రావాలని నేనంటాను.

తహసీల్దారు గారికిచ్చే అర్జీలో రెండు అడుగుదాం: మండలంలో మూతపడిన యూనిట్ల జాబితా, వాటిలో మిగిలిన సరుకు లెక్క. కాగితం ఈ బల్ల మీదనే ఉంది, పోయేటప్పుడు సంతకం చేసి పోండి.