జలపాతము గడ్డకట్టునా?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



అమరసింహుడు తన కోశమున శైలవర్గమునందు నిర్ఝరమును చెప్పెను. దిగ్వర్గమునందు హిమమును చెప్పి, దానికి నీహారము, తుషారము, తుహినము, ప్రాలేయము మున్నగు పర్యాయపదములు కూర్చెను. వేరు వేరు వర్గములలోని యీ రెండును ఒకచోట కలిసినప్పుడు ఏమగును? కొండమీదనుండి దుముకు నీరు చలికి బిగిసి నిలిచిపోవునా?

ఎత్తిపోతలను, కుంతాలను చూచినవారికి ఈ ప్రశ్నయే పుట్టదు. మన యెండలకు నీరు ఇంకిపోవుట కలదు గాని చలికి గడ్డకట్టుట లేదు. అయినను చలికాలమున ఒక్కొక్కప్పుడు పత్రికలలో నయాగరా గడ్డకట్టినదను వార్తయు, తెల్లని బొమ్మయు కనబడును. 2014, 2015, 2019 సంవత్సరములలో అట్టి బొమ్మలు లోకమంతటను వ్యాపించినవి. వానిని చూచి కొందరు నమ్ముదురు, కొందరు నవ్వుదురు. నమ్ముటకును నవ్వుటకును ముందు విచారించుట చదువరికి ధర్మము.

నయాగరా నది ఉత్తర అమెరికా ఖండమున ఈరీ సరస్సునుండి బయలుదేరి ఒంటారియో సరస్సున కలియును. ఒక యొడ్డు అమెరికా సంయుక్త రాష్ట్రములది, రెండవ యొడ్డు కెనడాది. నడుమనున్న గోట్ ఐలండ్ అను దీవి ప్రవాహమును చీల్చుచున్నది. కెనడా వైపున గుర్రపు లాడమువలె వంగిన పెద్ద జలపాతము కలదు. దాని యెత్తు సుమారు 57 మీటర్లు, అనగా 180 అడుగుల పైచిలుకు. నీటిలో పదింట తొమ్మిది పాళ్లు దానిమీదుగనే పడును. మిగిలిన పాలు అమెరికా జలపాతమునకును, దాని ప్రక్కనున్న సన్నని పాయకును పోవును. విద్యుత్తుకై నీటిని మళ్లించుటను గూర్చి ఇరుదేశములు 1950లో ఒడంబడిక చేసికొనినవి. దాని ప్రకారము యాత్రికులు వచ్చు కాలమున పగటివేళ లక్ష క్యూసెక్కులకును, తక్కిన వేళల 50,000 క్యూసెక్కులకును తక్కువ కాకుండ జలపాతములమీద విడువవలెను. కాలువక్రింద సేద్యము చేయు రైతులకు క్యూసెక్కనగా నేమో చెప్పనక్కరలేదు. నడిశీతకాలమున సహితము అక్కడ పడు నీరు 50,000 క్యూసెక్కులు!

ఇక చలికిని నీటికిని గల జమాఖర్చు చూడవలెను. 50,000 క్యూసెక్కులనగా సెకండునకు సుమారు 14 లక్షల లీటర్లు. నీరు సున్న డిగ్రీలకు దిగినంతమాత్రమున గడ్డకట్టదు. 80 డిగ్రీల వేడినీటిని సున్నవరకు చల్లార్చుటకు ఎంత వేడిమిని తీసివేయవలెనో, సున్నయొద్దనున్న అంతే నీటిని మంచుగడ్డ చేయుటకు మరల దాదాపు అంత వేడిమిని తీసివేయవలెను. ఇంత వేడిమిని రాబట్టుకొనుటకు చలిగాలికి దొరకు గడువెంత? 57 మీటర్లు పడుటకు నీటికి మూడున్నర సెకండ్లు చాలును. అప్పిచ్చినవాడు చేయి చాచులోపల ఋణస్థుడు ఊరు దాటినట్లే.

పడుటవలన నీరు వేడెక్కును గావున గడ్డకట్టదని కొందరందురు. అదియు లెక్కకు నిలువదు. 57 మీటర్లు పడినందున కలుగు వేడిమి డిగ్రీలో సుమారు ఎనిమిదవ వంతు మాత్రమే. ఆ నీటిని కాపాడునది వేడిమి కాదు. దాని రాశియు, దాని వేగమును.

అట్లయిన పత్రికలోని బొమ్మ అబద్ధమా? కాదు. వేడిపాలు గిన్నెలోనున్నప్పటికన్న పళ్లెములో పోసినప్పుడు త్వరగా చల్లారును. అట్లే పెద్ద ధారను జయింపలేని చలి, దానినుండి లేచిన తుంపరను సులభముగ జయించును. చిన్నబిందువునకు నీరు తక్కువ, గాలి తగులు పైభాగము ఎక్కువ. ఆ తుంపర రాళ్లమీద, చెట్లమీద, కంచెలమీద పడి పేరుకొని గడ్డకట్టును. ఇరుప్రక్కలనుండి మంచు స్తంభములు పెరిగి ముందుకు వచ్చును. నీరు పలుచగనున్న అమెరికా జలపాతమున ఈ మంచు ధారకు ముసుగువలె ఏర్పడును. చూచువానికి అంతయు నిలిచిపోయినట్లుండును. ముసుగు వెనుక నీరు పడుచునే యుండును. 2015 జనవరి 27వ తేదీన విల్ గాడ్ అను కెనడా దేశీయుడు గుర్రపులాడపు జలపాతము ప్రక్కనున్న మంచుగోడను ఎగబ్రాకెను. అతడు ఎక్కినది తుంపరవలన ఏర్పడిన మంచు. ప్రక్కనే ప్రవాహము యథాప్రకారము దుముకుచుండెను.

చిన్న జలపాతముల సంగతి వేరు. అమెరికాలో మినియాపొలిస్ నగరమునందలి మిన్నెహాహా జలపాతము సుమారు 53 అడుగుల యెత్తుగలది. అది చిన్నవాగుమీది జలపాతము గావున చలికాలమున దాదాపుగ మంచుతెరయై నిలుచును. కెనడాలో క్విబెక్ నగరమునొద్దనున్న మాంట్‌మొరెన్సీ జలపాతము 83 మీటర్ల యెత్తుది, నయాగరాకన్న మిన్న. దాని పాదమున తుంపర గడ్డకట్టి పెద్ద మంచుదిబ్బ ఏర్పడును. కావున గడ్డకట్టుటకు గాని, కట్టకపోవుటకు గాని యెత్తు ప్రధానము కాదు, నీటిరాశియే ప్రధానము.

అయినను నయాగరా ఒకమారు నిజముగనే ఆగినది. అది 1848వ సంవత్సరము మార్చి 29వ తేదీ రాత్రి. నిత్యము చెవులలోనుండు ఘోష లేకపోవుటచే తీరవాసులు మేల్కొనిరి. నీటిచక్రములతో నడచు మరలు ఆగిపోయినవి. తెల్లవారి చూడగా నదిగర్భము బయటపడియుండెను. సాహసికులు అందులో దిగి, 1812లో ఆరంభమైన యుద్ధమునాటి తుపాకులను, బాకులను ఏరుకొనిరి. ప్రళయము వచ్చినదని భయపడినవారు ప్రార్థనాలయములు చేరిరి.

ఈ వృత్తాంతమున గమనింపవలసినది తేదీ. మార్చి చివర చలి ముదురు కాలము కాదు, మంచు విడిపోవు కాలము. ఈరీ సరస్సుపై పగిలిన మంచుపలకలను పెనుగాలి త్రోసికొనిపోయి, జలపాతమునకు సుమారు 20 మైళ్ల యెగువన నది పుట్టుచోట గట్టువలె అడ్డువేసెను. జలపాతము గడ్డకట్టలేదు, దానికి నీరు రాలేదు. తలతూము మూసిన పిల్లకాలువ ఎండుటకు చలి యేల? 31వ తేదీన ఆ గట్టు తెగి, నీరు మహాఘోషతో తిరిగి వచ్చెను. 1969లో శిలలను పరీక్షించుటకై ఇంజనీర్లు ఎగువన అడ్డుకట్ట వేసి, జూన్ మొదలు నవంబరు వరకు అమెరికా జలపాతమును నిలిపివేసిరి. నడివేసవిలోనే జలపాతము ఆగెను! 1964 మొదలు చలికాలమున సరస్సు ముఖమునకు అడ్డముగ సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున తేలు కట్టను అమర్చుచున్నారు. అది సరస్సుమీది మంచును కదలకుండ నిలుపుటకు తోడ్పడి, నదిలోనికి విస్తారముగ కొట్టుకొనిపోకుండ కాపాడును.

ఈ విచారణ వట్టి వినోదము కాదు. జలపాతమునకు దిగువన మంచుపలకలు ఒకదానితో నొకటి అతుకుకొని నదికి అడ్డముగ వంతెనవలె నిలుచుట కలదు. పూర్వము జనులు దానిమీద విహరించిరి, అంగళ్లు కూడ పెట్టిరి. క్రింద నది పారుచున్నదను తలంపు వారికి లేకపోయెను. 1912 ఫిబ్రవరి 4వ తేదీ ఆదివారమున ఆ మంచు విడివడి ప్రవాహమున సాగెను. టొరంటో నగరపు దంపతులు దానిపై చిక్కుకొనిరి. క్లీవ్‌లాండ్ నివాసియైన 17 ఏండ్ల బర్రెల్ హెకాక్ ఒడ్డు చేరు అవకాశముండియు, వారికి తోడ్పడుటకై వెనుకకు మరలెను. దిగువనున్న వంతెనలనుండి జనులు త్రాళ్లు జారవిడిచిరి. కుఱ్ఱవాడు త్రాటిని పట్టుకొని కొంత పైకి వచ్చెను గాని, చేతులు పట్టు తప్పి పడిపోయెను. దంపతులును దక్కలేదు. అటుపిమ్మట ఆ మంచుమీద నడచుట నిషేధింపబడినది. పైపొరను చూచి లోపలి ప్రవాహమును మరచుటకు చెల్లించిన వెల మూడు ప్రాణములు.

కావున సమాధానమిది: చిన్న జలపాతము గడ్డకట్టును; పెద్ద జలపాతము మంచుముసుగు వేసికొనును గాని ఆగదు. అది ఆగినచో కారణమును జలపాతమునొద్ద గాక, ఎగువన వెదకవలెను.

25 ఏండ్లు నిండిన ఈ గ్రంథాలయమునకును ఈ న్యాయమే వర్తించును. బీరువాలమీద దుమ్ము కనబడినంతమాత్రమున చదువు ఆగినదనుకొనరాదు. బీరువాలు మెరసినంతమాత్రమున చదువు సాగుచున్నదని మురియనురాదు. చూడవలసినది ఎగువను. సాయంకాలము బడి విడిచిన పిల్లలు ఈ గడప త్రొక్కుచున్నారా, కొత్త పుస్తకము వచ్చినప్పుడు దానికొరకు ఒకరిద్దరైనను కాచుకొనియున్నారా? ఆ తూము మూతపడకుండ చూచు భారము గ్రామస్థులందరిది.