నూనె కనిపించదు మాస్టారూ
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1985 పదో తరగతి బ్యాచ్, 'బి' సెక్షన్, వెనక బెంచీ. మన కార్యదర్శి ఫోన్ చేసి, "ఏదైనా మాట్లాడు, అమెరికా గొప్పలు మాత్రం వద్దు" అన్నాడు. అందుకే నేను ఓడిపోయిన ఒక ఆట గురించి చెబుతాను.

ఈ టేబుల్ మీదున్న నల్ల బంతిని చూసి పొద్దుట్నుంచీ "షాట్‌పుట్టా?" అని అడుగుతున్నారు. ఇది బౌలింగ్ బంతి. కుంబ్లే బౌలింగ్ కాదు, చెక్క దారి మీద దొర్లించి పది పిన్నులను పడగొట్టే బౌలింగ్. బరువు 15 పౌండ్లు, అంటే దాదాపు 6.8 కిలోలు. విమానాశ్రయంలో ఎక్స్‌రే తెర మీద దీన్ని చూసి ఒక కుర్రాడు ఆగిపోయాడు. "సార్, లోపల ఇంకోటేదో ఉందే" అన్నాడు. నిజమే, ఉంది. బల్బు ఆకారంలో బరువైన గుండె ఒకటి ఉంటుంది. దాని సంగతి తర్వాత చెబుతాను.

నేను మెకానికల్ ఇంజనీరుని. డెట్రాయిట్ దగ్గర కార్ల బ్రేకుల మీద పనిచేస్తాను. అంటే ఘర్షణే నాకు అన్నం పెడుతోంది. మా సైన్సు మాస్టారు ఇక్కడే ఉన్నారు. మాస్టారూ, మీరు ప్రతి లెక్క చివరా "ఘర్షణ లేదనుకొనుము" అని రాయించేవారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఒక్క వాక్యంతోనే నా గొడవ.

ఆ వైపు చలికాలం ఐదారు నెలలు. బయట మంచు, సాయంత్రం ఐదింటికే చీకటి. అందుకేనేమో, అక్కడ బౌలింగ్ పిచ్చి ఎక్కువ. వారానికో రాత్రి జట్లు జట్లుగా ఆడే లీగ్‌లు ఉంటాయి. నన్ను ఆఫీసులో వాళ్ళు అలాంటి ఒక జట్టులోకి లాగారు. మా ఆవిడ నవ్వింది. మా అత్తగారైతే, "ఆ గుండు విసరడానికి డబ్బులు కూడా కడతావా నాయనా?" అన్నారు.

మీలో కొందరు పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ మాల్స్‌లో ఈ ఆట ఆడి ఉంటారు. అక్కడ ఇచ్చే బంతులు ప్లాస్టిక్‌వి. ఎలా వేస్తే అలా నిటారుగా పోతాయి. అందుకని మనకో అపోహ ఉంటుంది, దారి అంతా ఒకటే, తేడా అంతా చేతిలోనే అని. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

అసలు సంగతి ఇది. ఆ దారిని లేన్ అంటారు. నిలబడే గీత దగ్గర్నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. వెడల్పు మూడున్నర అడుగులు, అందులో పక్కపక్కనే 39 పలకలు. చాలాచోట్ల ఇప్పుడు చెక్క లేదు, సింథటిక్ పలకలే, గీతలు మాత్రం చెక్కలాగే కనిపిస్తాయి. దాని మీద ఒక యంత్రం సన్నటి నూనె పొర పూస్తుంది. మొదట్లో చెక్క అరిగిపోకుండా పూసేవారు, పోనుపోను ఆ నూనే ఆటైపోయింది. మామూలుగా మొదటి 40 అడుగుల వరకే పూస్తారు, చివరి 20 అడుగులు పొడి. మొత్తం నూనె సుమారు 25 మిల్లీలీటర్లు. ఐదు టీ చెంచాలు! నేను కూర్చుని లెక్క వేశాను. ఆ నూనెను 40 అడుగుల మేర పరిస్తే సగటు మందం రెండు మైక్రాన్లు వస్తుంది. మన తలవెంట్రుకలో ముప్ఫయ్యో వంతు కూడా ఉండదు. రంగూ లేదు. ఎంత వంగి చూసినా దీపాల మెరుపు తప్ప ఏమీ కనిపించదు.

ఆ రెండు మైక్రాన్లు ఏం చేస్తాయో చూడండి. మాస్టారూ, ఈ లెక్క మీకోసం. నూనె మీద ఘర్షణ గుణకం సుమారు 0.04, పొడి మీద సుమారు 0.2. బంతిని తిప్పకుండా సెకనుకు 8 మీటర్ల వేగంతో వదిలామనుకుందాం. లేన్ అంతా పొడి అయితే అది 1.2 సెకన్లలో, 8 మీటర్లు వెళ్ళేసరికే జారడం మాని పూర్తిగా దొర్లడం మొదలుపెడుతుంది. ఆ లోపలే వేగంలో ఏడింట రెండు వంతులు పోతుంది. లేన్ అంతా నూనె అయితే దొర్లడానికి దాదాపు ఆరు సెకన్లు కావాలి. కానీ పిన్నులు రెండున్నర సెకన్లలోపే వచ్చేస్తాయి. అంటే చివరిదాకా జారుతూనే పోతుంది. ఒకే బంతి, ఒకే చెయ్యి, రెండు వేర్వేరు ఆటలు.

దొర్లితే ఏం, జారితే ఏం అంటారా? బంతి నిటారుగా వెళ్ళి కొడితే పది పిన్నులూ పడటం అదృష్టం. మొదటి పిన్నుకీ దాని పక్క పిన్నుకీ మధ్య సందులోకి, దాదాపు ఆరు డిగ్రీల వాలుతో చొచ్చుకుపోవాలి. నిటారు బంతిని లేన్ కొస నుంచి వేసినా ఒకటిన్నర డిగ్రీ కూడా రాదు. అందుకని చేత్తో పక్కకి తిప్పి వదులుతాం. నూనె మీద ఆ తిరుగుడు వృథాగా తిరుగుతూనే ఉంటుంది, బంతి కుడివైపుకి జారుతుంది. పొడి తగలగానే పట్టు దొరికి, ఎడమకి తిరిగి, దొర్లుతూ పిన్నుల్లోకి దూరుతుంది. ముందు జారడం, తర్వాత మలుపు, చివర దొర్లుడు. ఈ మూడూ సరైన చోట జరిగితే బంతి స్వయంగా తాకేది నాలుగు పిన్నుల్నే, మిగతా ఆరింటినీ ఆ పిన్నులే పడగొడతాయి. మలుపు తొందరగా వస్తే పిన్నుల దగ్గరికి చేరేసరికి బంతిలో సత్తువ ఉండదు. ఆలస్యంగా వస్తే వాలు ఉండదు.

ఇప్పుడు బంతి సంగతి. 1980ల తొలినాళ్ళలో యురేథేన్ బంతులు, 1990ల తొలినాళ్ళలో రియాక్టివ్ రెసిన్ బంతులు వచ్చాయి. ఈ రెసిన్ పైపొరలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, నూనె పీల్చుకుంటుంది. పైపొరను గరుకు కాగితంతో రుద్దితే నూనె పొరను చీల్చుకుని పట్టు పడుతుంది. మెరుగుపెడితే జారుతుంది. నూనె ఎక్కువున్న లేన్ మీద గరుకు బంతి, పొడిబారిన లేన్ మీద మెరుపు బంతి. మరి లోపలి బల్బు? బరువు నడిమికి దగ్గరగా ఉంటే బంతి తొందరగా దొర్లుడు అందుకుంటుంది, దూరంగా ఉంటే ఆలస్యంగా. ఇంటర్‌లో చదివిన భ్రమణ వ్యాసార్ధమే. దుకాణాల వాళ్ళు ఈ బల్బు గురించే గంటలు గంటలు చెబుతారు. నా మటుకు నాకు ముందు పైపొర, తర్వాతే బల్బు. బ్రేకుల వాణ్ణి కదా, అలాగే అనిపిస్తుంది కాబోలు.

మామూలు రోజుల్లో నూనె అంతటా సమానంగా పూయరు. మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ. దీనివల్ల బంతి పొరపాటున బయటకి పోతే పొడి దాన్ని లోపలికి లాగుతుంది. లోపలికి పోతే నూనె దాన్ని మలుపు తిరక్కుండా పట్టి ఉంచుతుంది. మన తప్పుల్ని లేనే దిద్దిపెడుతుందన్నమాట. పోటీల్లో అలా కాకుండా కాస్త సమానంగా పూస్తారు. నా సొంత లేన్ మీద 200 కొట్టే నేను మొదటిసారి అలాంటి లేన్ మీద ఆడి 128 కొట్టాను. ఇంటికెళ్ళి భుజం నొప్పి అని చెప్పాను.

ఇంకో చిక్కుంది. సాయంత్రం ఏడింటికి ఉన్న లేన్ తొమ్మిదింటికి ఉండదు. వేసిన ప్రతి బంతీ తను వెళ్ళిన దారిలో కొంత నూనె ఎత్తుకుపోతుంది. క్రికెట్‌లో అయితే పిచ్ పగుళ్ళు కళ్ళకి కనిపిస్తాయి, వ్యాఖ్యాత వాటిలో తాళంచెవి పెట్టి మరీ చూపిస్తాడు. ఇక్కడ అదేం లేదు.

మా బ్యాచ్ వాళ్ళకి మన క్యారమ్ బోర్డు గుర్తుండే ఉంటుంది. వానాకాలం వస్తే బోర్డు బరువెక్కేది, డ్రిల్లు మాస్టారేమో బోరిక్ పౌడర్ బీరువాలో పెట్టి తాళం వేసేవారు. మాలో ఒకడు ఎప్పుడూ గెలిచేవాడు. స్ట్రైకర్ ముట్టుకోబోయే ముందు అరచేత్తో బోర్డు నాలుగువైపులా ఒకసారి నిమిరేవాడు. దణ్ణం పెట్టుకుంటున్నాడనుకుని ఏడిపించేవాళ్ళం. వాడు బోర్డును చదువుతున్నాడని నాకు నలభై దాటాక తెలిసింది.

తెలిసిన రాత్రి గురించి చెబుతాను. మా జట్టు కెప్టెన్‌కి అప్పుడు 71 ఏళ్ళు. కర్మాగారంలో అచ్చులు చేసి రిటైరైన మనిషి. పెద్ద చదువు లేదు. నన్ను 'ప్రొఫెసర్' అని పిలిచేవాడు. అది గౌరవమో వెక్కిరింతో నాకెప్పుడూ తెలిసేది కాదు. మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ సీజన్ అవగానే ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు. ఆయన ముప్ఫై ఏళ్ళు ఆడిన లీగ్‌లో మేము ఫైనల్‌కి రావడం అదే మొదటిసారి.

నేను కొత్త బంతి కొన్నాను. ఇదే. గరుకు పైపొర, బలమైన మలుపు. మొదటి ఆటలో 236 కొట్టాను. అందరూ వీపు తట్టారు. రెండో ఆట మధ్యలో బంతి తొందరగా తిరగడం మొదలైంది. మొదటి పిన్నును నడినెత్తిన కొడుతోంది, రెండు పక్కలా పిన్నులు మిగిలిపోతున్నాయి. కెప్టెన్ దగ్గరకొచ్చి, "రెండు పలకలు ఎడమకి జరిగి నిలబడు" అన్నాడు. ఎడమకి జరిగితే బంతి ఇంకా నూనె మిగిలి ఉన్న చోటు గుండా పోతుంది. అంతే సూత్రం. నాకు తెలుసు. ఆఫీసులో ఎవరైనా అడిగితే బోర్డు మీద సమీకరణం రాసి చూపించేవాణ్ణి.

కానీ నేను జరగలేదు. మొదటి ఆటలో అక్కణ్ణుంచే కదా 236 వచ్చింది! చెయ్యి అలిసిపోయిందనుకున్నాను. ఇంకాస్త గట్టిగా విసిరాను. మూడో ఆటలో ఆయన మళ్ళీ వచ్చి, "పోనీ మెరుపు బంతి తియ్యి" అన్నాడు. తల ఊపి, మళ్ళీ ఇదే బంతి తీసుకున్నాను. మూడో ఆటలో 151. మొత్తం మీద మా జట్టు 11 పిన్నుల తేడాతో ఓడిపోయింది.

ఎవరూ ఏమీ అనలేదు. అందరూ బూట్లు విప్పుకుంటున్నారు. కెప్టెన్ నా బంతి ఎత్తి, తన టవల్‌తో చుట్టూ తుడిచాడు. బంతి తిరిగి వచ్చినప్పుడు దాని మీద నూనె గీతలు వలయాల్లా ఉంటాయి. లేన్ మీద కనిపించని నూనె మనకు కనిపించేది అక్కడొక్కచోటే. మొదటి ఆటలో అలా తుడిస్తే టవల్ తడిసేది. ఇప్పుడు టవల్ నా ముందు పరిచాడు. పొడిగా ఉంది. ఒక్క మాట అనకుండా మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాడు. నేను సారీ చెప్పాలనుకున్నాను. ఆయన అప్పటికే, మంచు పడుతోంది, జాగ్రత్తగా నడపమని చెప్పి బయల్దేరాడు.

వేసవిలో ఫ్లోరిడాకి ఫోన్ చేశాను. వాతావరణం గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఆ సారీ అప్పుడూ చెప్పలేకపోయాను. రెండేళ్ళ తర్వాత ఆయన కూతురు ఫోన్ చేసింది, ఇక చెప్పడానికి వీల్లేకుండా పోయింది.

ఆయన పోయిన ఏడాది నుంచీ నా సంచిలో మూడు టవళ్ళుంటాయి. ప్రతి బంతీ తుడుస్తాను, ప్రతిసారీ టవల్ చూస్తాను. కొత్త కుర్రాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటారు. నా సగటు పెద్దగా పెరిగిందేమీ లేదు, ఇప్పటికీ 190 దగ్గరే ఉన్నాను. వయసు కూడా ఒక రకం లేనే కదా.

కార్యదర్శి గడియారం చూపిస్తున్నాడు. ఒక్క విన్నపం చేసి దిగిపోతాను. ఈ బంతిని తిరిగి తీసుకెళ్ళను, మన సైన్సు ల్యాబ్‌కి ఇస్తున్నాను. మాస్టారూ, మధ్యాహ్నం భోజనాలయ్యాక మీరు సరేనంటే, పై వరండాలో సగం దూరం కొబ్బరినూనె రాసి, పిల్లలకి ఆ ఏడింట రెండు వంతుల లెక్క చేసి చూపిద్దాం. వరండా కడిగే పని మాత్రం 1985 బ్యాచ్ 'బి' సెక్షన్‌ది. బకెట్లు సిద్ధంగా ఉన్నాయి.