నిప్పులేక ఉడుకు నీరు

వంశధార బంగాళాఖాతములో కలియుచోట నున్న కళింగపట్నమునకు ఒక వేసవిలో మేము పోయితిమి. ఊరికి ఎగువన, సముద్రపు ఉప్పు చేరని తావున, ఒక రైతు ఆయిలింజనుతో ఏటినీరు వంగతోటకు తోడుచుండెను. పంపులో గులకరాళ్లు దొర్లుచున్నట్లు చప్పుడు వినవచ్చుచుండెను.

“ఏటో బాబూ, ఎండ ముదిరిన కాణ్నించి ఇదే రొద. నీరు వేడెక్కిపోనాది గావాల” అని అతడనెను.

ఇంజను ఆపి పంపు విప్పి చూపెను. రాయి ఒక్కటియు లేదు. లోపలి ఇనుపచక్రము మాత్రము పురుగు తొలిచిన చెక్కవలె గుంటలు పడియుండెను. క్రొత్త చక్రము కొనవలెనా, తోటను ఎండకు వదలవలెనా యని అతని దిగులు.

శ్రోతలారా, నీరు ఉడుకుటకు నిప్పే అక్కరలేదు. మీది ఒత్తిడి తగ్గినను చాలును. ఉదకమండలమువంటి ఎత్తైన చోట నీరు సుమారు 93 డిగ్రీల సెంటిగ్రేడుకే తెర్లును. ఒత్తిడి ఇంకను బాగుగా తగ్గినచో 30 డిగ్రీల ఏటినీరే తెర్లును. పంపు నీటిని పీల్చునప్పుడు చక్రము మొదట ఒత్తిడి అంతగా పడిపోవచ్చును. అప్పుడు ఆవిరిబుడగలు పుట్టును. అవి ముందునకు సాగి ఒత్తిడి హెచ్చుచోటికి చేరగానే కూలిపోవును. చుట్టునున్న నీరు ఆ ఖాళీలోనికి దూకి లోహమును సుత్తివలె మోదును. ఇట్లు కూలు బుడగలో పుట్టు ఒత్తిడిని 1917లో రేలీ ప్రభువు లెక్కకట్టెను. ఇంజనీర్లు దీనిని కేవిటేషన్ అందురు. మేము బుడగపోటు అనుచున్నాము. ఇది సముద్రపు పోటు కాదు, దెబ్బ అను అర్థముననే.

మరి, వేడి సంగతి యేమి? గాలి ఒత్తిడి నీటిని సుమారు 10.3 మీటర్ల వరకు నిలుపగలదు. అందులోనుండి ఆవిరి తన వంతు కోసికొనును. 20 డిగ్రీల నీటికి ఆ కోత 24 సెంటీమీటర్లు. 30 డిగ్రీలకు 43. తేడా జానెడు! ఏరు ఎంత దిగినదని రైతు నడిగితిమి. గట్టుమీది పాత తడిగీతను చూపెను. నీరు దానికి నిలువెత్తు క్రింద నున్నది. ఎండ నేరము లేకపోలేదు గాని, అది నీటిని కాచుటకన్న ఏటిని దింపుటలోనే హెచ్చుగ నున్నది.

నీరు నిజముగా కాగినచో లెక్క మారును. 80 డిగ్రీలకు కోత సుమారు 5 మీటర్లు. అందుచేతనే బాయిలరునకు వేడినీరు పంపు యంత్రమును నీటితొట్టికి బాగుగా దిగువన పెట్టుదురు. ఇంగ్లండులో పార్సన్స్ ఈ గుణమునే పనికి తెచ్చుకొనెను. 1894లో ఆయన నీట దించిన టర్బీనియా యను ఓడ మొదట కోరిన వేగమందలేదు. కారణము కనుగొనుటకు ఆయన చిన్నతొట్టిలో నీటిని మరుగుటకు కొంచెము తక్కువగా కాచి, అందులో బుల్లి పంకాను త్రిప్పెను. వేడినీటిలో తక్కువ వేగమునకే బుడగలు కంటబడెను. ఒక్క పంకాకు మారుగా తొమ్మిది అమర్చిన పిమ్మట ఆ ఓడ 1897లో 34 నాట్ల వేగము నందుకొనెను.

అయితే వేడి హెచ్చినకొలది లోహమునకు హాని హెచ్చుననుకొనుట పొరపాటు. చల్లని నీటిలో కరగిన గాలి యెక్కువ. అది బుడగలో చేరి దెబ్బకు దిండువలె అడ్డుపడును. నీరు వేడెక్కినకొలది ఆ గాలి తగ్గి దెబ్బ గట్టిపడును. సుమారు 50, 60 డిగ్రీలకు హాని శిఖరము చేరును. ఆపైన బుడగలో ఆవిరియే దట్టమై తానే దిండగును; హాని తగ్గిపోవును. మరుగుటకు చేరువైన నీటిలో బుడగలు మెండు, దెబ్బలు మెత్తన. మన ఏటినీరు, సముద్రపునీరు ఆ శిఖరమునకు ఎక్కు వైపుననే యున్నవి. కావున తక్కిన సంగతులు సమానమైనచో శీతదేశముల నీటికన్న మన నీటిలో పంకాలకు గాయము హెచ్చు.

రైతుతో ఇంత చెప్పలేదు. ఇంజనును క్రిందికి దింపుమనియు, పీల్చుగొట్టము కొననున్న జల్లెడలో నాచు తీయుమనియు మాత్రమే చెప్పితిమి. నాచు గుప్పెడు వచ్చెను. మేము మరలి వచ్చునప్పటికి అతడు పార పుచ్చుకొని గట్టులో మెట్టు త్రవ్వుచుండెను.