బైటు, కిలోబైటు, మెగాబైటు
(బోధన్ ప్రాంత పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



తూకము విషయములో బోధన్ ప్రాంతపు రైతును మోసగించుట సులభము కాదు. శక్కర్‌నగర్ చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, అంతకుముందు దశాబ్దములపాటు చెరకు బండిని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కాటా పెట్టించి చీటీ చూచుకొన్న కుటుంబములు మీవి. అట్టి మీరే, ‘ఫైలు పెద్దదిగా ఉన్నది’ అని కంప్యూటరు దరఖాస్తును త్రిప్పివేసినపుడు కారణము తెలియక ఊరకుండుట మాకు విచారకరముగా తోచును. గడువు దాటినచో నష్టపోవునది గ్రామమే.

కంప్యూటరునకు తెలిసిన అతి చిన్న అంశము బిట్టు. అది సున్న గాని, ఒకటి గాని. ఎనిమిది బిట్లు ఒక బైటు. వేయి బైట్లు కిలోబైటు, వేయి కిలోబైట్లు మెగాబైటు, వేయి మెగాబైట్లు గిగాబైటు. ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. తెలుగునకు నేడు విరివిగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి అక్షరమునకు, గుణింతపు గుర్తునకు, పొల్లునకు మూడేసి బైట్లు పట్టును. ‘బోధన్’ అను మాటలో అట్టి గుర్తులు ఐదు గలవు. కావున 15 బైట్లు. ఇంగ్లీషులో ఆరే. అంతమాత్రమున తెలుగు బరువని భయపడనక్కరలేదు. రెండు వేల గుర్తులు గల నిండు పుట తీర్మానము, వట్టి అక్షరములుగా 6 కిలోబైట్లకు మించదు. దానినే సెల్‌ఫోనుతో ఫొటో తీసినచో 3 మెగాబైట్లు కావచ్చును. అనగా ఐదువందల రెట్లు! ఏలననగా ఫొటోలో అక్షరములే కాక కాగితపు ముడతలు, మరకలు, క్రింది బల్ల అంచు సైతము చుక్కచుక్కగా నమోదగును.

200 కిలోబైట్ల లోపు పంపుమన్నచోట ఈ ఫొటో పదిహేను రెట్లు అధికము. మొదట కాగితము వెలుపలి భాగమును కత్తిరింపుడు. పిమ్మట పరిమాణమును తగ్గింపుడు. అయితే తగ్గించుటయనగా కొన్ని వివరములను పారవేయుటయే. పిప్పి నుండి రసము మరల రానట్లు, పోయిన వివరము తిరిగి రాదు. సర్వే నంబరులోని 3 చూచువారికి 8గా కనబడినచో వచ్చు చిక్కు మీకు చెప్పనక్కరలేదు. అసలు ఫొటోను భద్రముగా ఉంచి, నకలునే తగ్గించి, పంపుటకు ముందు ప్రతి అంకెను చదివి చూడుడు.

మరియొక తిరకాసు గలదు. 500 గిగాబైట్ల డిస్కు కొన్నచో విండోస్ కంప్యూటరు 465 అని చూపును. దుకాణదారు మోసగించలేదు. అతడు వేయి చొప్పున లెక్కించును. కంప్యూటరు 1024 చొప్పున లెక్కించును. 1958 అక్టోబరులో కిలోగ్రాము వాడుకలోనికి రాసాగక పూర్వము సేరు ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరుగా ఉండెడిదని మీ పెద్దలు చెప్పియుందురు. ఇదియు అట్టిదే. 1998లో 1024 లెక్కకు కిబిబైటు, మెబిబైటు అని వేరు పేర్లు నిర్ణయించిరి గాని, బజారులో వానిని పలుకువారు అరుదు.

ఇక ఇంటర్నెట్ వేగము. భారత్‌నెట్ పథకమున పంచాయతీకి 100 మెగాబిట్ల వేగము ఉద్దేశింపబడినది. ఇవి బిట్లు, బైట్లు కావు. సెకనుకు అత్యధికముగా పన్నెండున్నర మెగాబైట్లు. వాడువారు పెరిగిన కొలది ఇంకను తగ్గును. నిజముగా అందునది 2 మెగాబిట్లే అయినచో, మన 3 మెగాబైట్ల ఫొటో చేరుటకు 12 సెకనులు పట్టును. మీ కార్యాలయమున వేగమును పరీక్షించినపుడు తెరపై కనబడు అంకెను ఎనిమిదితో భాగించి చూచుకొనుడు.